ఆకుది తప్పు గాదు

ముల్లు వచ్చి ఆకుపై బడినను, ఆకు వచ్చి ముల్లుపై బడినను చిరుగునది ఆకే యని మనలో నొక సామెత గలదు. ఆడుబిడ్డలకు బుద్ధి చెప్పుటకే ఈ మాట వాడుచున్నాము గాని, ముల్లును నిలదీసిన వారు అరుదు. నల్లమల యంచున నున్న మన ఆత్మకూరు ప్రాంతపు పెద్దలు ఈ విషయమును తమ మనస్సాక్షి నడుగవలసియున్నది. ఒక స్త్రీ బలాత్కారమునకు గురియైనదని పొక్కినపుడు రచ్చబండ కడ ఇంత సొమ్మని తేల్చుటయు, ఆ దుర్మార్గునకే యామెను కట్టబెట్టజూచుటయు, పిమ్మట నోరు మెదపవలదని కట్టడి చేయుటయు మన పల్లెలు ఎఱుగనివి గావు. ఊరి పరువు నిలిచినదని పెద్దలు లేచిపోవుదురు. ఆమె గాయము మాత్రము అటులనే యుండును.

మౌనము గాయమును కప్పును గాని మాన్పదు. అమెరికా దేశపు మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ గారు 1992లో ప్రకటించిన గ్రంథమున, కోలుకొనుటకు మూడు మెట్లు గలవని వివరించిరి. మొదటిది భద్రత, రెండవది జరిగినదానిని తలచి దుఃఖించుట, మూడవది మరల మనుష్యులతో గలియుట. ఈ మూడవ మెట్టున కొందఱు తమ బాధను పదిమంది మేలునకై చేయు పనిగా మార్చుకొందురని వారు గమనించిరి.

ఇది పరదేశపు మాట యని త్రోసిపుచ్చ నక్కఱలేదు. పని యిప్పింతుమని మోసగింపబడి, దూరపు నగరములలో పడుపుకూటికి అమ్మబడి బయటపడిన స్త్రీలు మన రాష్ట్రమునందే 'విముక్తి' యను సంఘముగా నేర్పడి, పరిహారమునకును పునరావాసమునకును అధికారులకు విజ్ఞాపనలిచ్చుచున్నారు. నిన్న జాలికి పాత్రలైనవారు నేడు హక్కు నడుగుచున్నారు. నాయందే దోషమున్నదేమో యని ఒంటరిగా కుములు స్త్రీకి, తనవంటి మఱొకతె ఎదుట గూర్చున్నపుడు ఆ దోషము తనది గాదని తెలియును. ఇరువురును గలసి కలెక్టరు కచేరీ మెట్లెక్కునపుడు సిగ్గు చోటు మారును.

విశాఖ మన్యమునందలి వాకపల్లిలో 2007 ఆగస్టు 20న పోలీసు దళమువారు తమపై అత్యాచారము చేసిరని 11 మంది గిరిజన స్త్రీలు ఫిర్యాదు చేసిరి. వ్యవహారము సుప్రీముకోర్టు దాక పోయినది. 2023 ఏప్రిలులో విశాఖపట్టణపు ప్రత్యేక న్యాయస్థానము ముద్దాయిలను నిర్దోషులని విడుదల చేసినది. అయినను దర్యాప్తులోని లోపములను ఎత్తిచూపి, ఆ స్త్రీలకు పరిహారము నిమ్మని యాజ్ఞాపించినది. వారు కోరిన తీర్పు రాలేదు. కాని ఒంటరి స్త్రీ యైనచో మొదటి యేడే నోరు నొక్కబడి యుండెడిది. కలసికట్టుగా నుండుటచే 15 ఏండ్లకు పైగా నిలువగలిగిరి.

ఒక హెచ్చరిక. సంఘమున జేరుమని గాని, నలుగురిలో చెప్పుమని గాని ఎవ్వరును ఆమెను బలవంతపెట్టరాదు. ఆమె ఇచ్ఛకు విరుద్ధముగా జరిగినది చాలును. ఆమె పేరు బయటపెట్టుట చట్టరీత్యా నేరము.

బలాత్కార వ్యవహారములలో రాజీ యను తలంపే తగదని 2015లో సుప్రీముకోర్టు స్పష్టపఱచినది. ఆమెకు ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు రుసుము లేక చికిత్స చేయవలెను. 2018 నాటి జాతీయ పథకము బలాత్కార బాధితురాలికి 4 మొదలు 7 లక్షల రూపాయల పరిహారమును నిర్ణయించినది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేయవచ్చును. ఇది రచ్చబండ దయ గాదు, ఆమె హక్కు.

కావున ఆత్మకూరు పెద్దలకు మా మనవి యొక్కటే. తీర్పు చెప్పు పని మానుడు. ఆ స్త్రీలు కూడి మాటలాడుకొనుటకు తలుపుగల యొక గది నిండు. న్యాయస్థానమునకు పోవునాడు తోడు నిలువుడు. పిమ్మట ఆకును గాక, ముల్లును ప్రశ్నింపుడు.