మదింపును మానేస్తే నష్టం విద్యార్థికే



కళాశాలల మదింపు దండగని, ఆ పని చేసే జాతీయ మదింపు, గుర్తింపు మండలి (నాక్)ని ఎత్తేయాలని గత సంచికలోని వ్యాసం వాదించింది. 2025 ఫిబ్రవరిలో ఏ++ గ్రేడు కోసం లంచం ఇచ్చిన కేసులో నాక్ తనిఖీ బృంద సభ్యులను సీబీఐ అరెస్టు చేశాక ఆ కోపం సహజమే. లంచగొండులను శిక్షించాల్సిందే. అయితే మదింపే లేకపోతే బోధనలో లోపం బయటపడేదెలా?

అమెరికాలోని మిల్వాకీలో ఆల్వెర్నో మహిళా కళాశాల 1973లోనే మరో దారి పట్టింది. మార్కులు, గ్రేడ్లు పక్కనపెట్టి విశ్లేషణ, భావ వ్యక్తీకరణ వంటి ఎనిమిది సామర్థ్యాలను గీటురాయిగా తీసుకుంది. విద్యార్థిని ఎక్కడ తడబడిందో అధ్యాపకులు వివరంగా రాసిచ్చేవారు. పాఠం ఎక్కడ మార్చాలో వారికీ తెలిసొచ్చేది.

మన కళాశాలల్లోనూ అంతర్గత నాణ్యతా విభాగాలున్నాయి. ఏటా నివేదిక పంపి ఊరుకోకుండా, ఏ సబ్జెక్టులో ఎందరు ఎందుకు తప్పారో, మరుసటి సెమిస్టర్‌లో ఏం మార్చారో అవి నోటీసు బోర్డులో పెట్టాలి.

— ఒక పాఠకురాలు, వరంగల్