ఏసీలో మంచు... గదిలో ఉక్క!

ఏసీ 16లో పెట్టినా గదిలో ఉక్కపోత తగ్గదు. గాలి రానురాను నీరసపడుతుంది. మూత ఎత్తి చూస్తే, పాత ఫ్రిజ్ ఫ్రీజర్‌లో పేరుకున్నట్టు తెల్లగా మంచు! కాసేపటికి గోడ వెంట నీళ్లు కారి కింద పరుపు తడిసి ముద్దవుతుంది. ఎండలు ముదిరాక ఏటా ఎన్నో ఇళ్లలో ఇదే వరస. ఫోన్ చేస్తే కొందరు మెకానిక్‌లు మిషను ముఖం కూడా చూడకుండానే తేల్చేస్తారు: 'గ్యాస్ అయిపోయుంటుంది మేడమ్, ఎక్కించాలి' అని. ఇక వేలల్లో బిల్లు.

నిజానికి ఏసీలో గ్యాస్ 'అయిపోదు'. వంటగ్యాస్‌లా అదేమీ మండి ఖర్చయ్యేది కాదు. నాలుగు వైపులా మూసిన రాగి గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంటుంది. గదిలో వేడిని పీల్చుకుని ఆవిరవుతుంది, బయటి యూనిట్‌లో ఆ వేడిని వదిలేసి మళ్లీ ద్రవమవుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకవుతోందనే అర్థం. లీకు కట్టకుండా ఎక్కించడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. మా అపార్ట్‌మెంట్‌లో పైఅంతస్తు ఆంటీగారు వరసగా మూడు వేసవులు గ్యాస్ ఎక్కించుకున్నారు. నాలుగో ఏడు వచ్చిన కుర్రాడు సబ్బునురగ రాసి చూస్తే, బయటి యూనిట్ దగ్గర గొట్టం బిగించే నట్టులోంచి బుడగలు!

మరి మంచు ఎందుకు పడుతుంది? ఇండోర్ యూనిట్‌లోని కాయిల్ మామూలుగా సున్నా డిగ్రీలకు కాస్త ఎగువన ఉంటుంది. గది గాలి దానిమీదుగా వెళ్తూ తన వేడిని దానికిస్తుంది. గాలిలోని తేమ నీటిబొట్లై డ్రెయిన్ పైపులోంచి బయటికి పోతుంది. ఆ గాలే సరిగా రాకపోతే కాయిల్‌కు వేడి అందదు. సున్నా కిందికి జారిపోతుంది. బొట్లు అక్కడికక్కడే గడ్డకడతాయి. ఆ గడ్డ గాలికి మరింత అడ్డం, దాంతో మరింత మంచు. గ్యాస్ తగ్గినా ఇదే జరుగుతుంది. లోపల పీడనం పడిపోయి, ఉన్న కాస్త గ్యాస్ ఇంకా తక్కువ ఉష్ణోగ్రతలో మరుగుతుంది. అంటే మంచు కనబడిందని ఏసీ బ్రహ్మాండంగా చల్లబరుస్తోందని కాదు. (అన్నట్టు ఏసీని 'టన్ను'లలో కొలవడం వచ్చిందే మంచు నుంచి. ఒక టన్ను మంచు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని లాగేయగలిగేది ఒక టన్ను ఏసీ.)

మంచు చూడగానే కూలింగ్ ఆపేయండి. 'ఎలాగోలా ఈ రాత్రి గడవనీ' అనుకోవద్దు. కాయిల్‌లో ఆవిరి కాని ద్రవం వెనక్కి కంప్రెసర్‌లోకి వెళ్తే అది పాడయ్యే ప్రమాదముంది. ఏసీలో అన్నిటికన్నా ఖరీదైన భాగం అదే మరి. రిమోట్‌లో 'ఫ్యాన్' మోడ్ పెట్టి, కింద బకెట్, పాత తువ్వాళ్లు సర్దండి. కరగడానికి గంట పట్టొచ్చు, నాలుగు గంటలూ పట్టొచ్చు. నీళ్లు స్విచ్‌బోర్డు వైపు కారుతుంటే మాత్రం ఫ్యాన్ కూడా వద్దు, ఎంసీబీ దించేయండి. చాకుతోనో, స్క్రూడ్రైవర్‌తోనో మంచు గీకడం అసలే వద్దు. రాగి గొట్టానికి చిన్న గాటు పడిందా, అప్పుడు గ్యాస్ నిజంగానే పోతుంది!

కరిగాక ముందు ఫిల్టర్ చూడండి. వీధి దుమ్ము, అగరుబత్తి పొగ, హాల్లో ఏసీ అయితే వంటింటి జిడ్డు... అన్నీ కలిసి కంబళిలా పట్టేసి ఉంటాయి. కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెట్టి బిగించండి. వేసవిలో రెండు వారాలకోసారి ఈ పని చేయాల్సిందే. ఏసీ ముందు కర్టెన్ గానీ, బీరువా మీద పేర్చిన సూట్‌కేసులు గానీ గాలికి అడ్డున్నాయేమో చూడండి. వానాకాలం రాత్రుళ్లు బయట చల్లగా ఉన్నప్పుడు కూడా ఏసీ 16లో, ఫ్యాన్ సన్నగా పెట్టుకుని పడుకునే ఇళ్లలోనూ మంచు పడుతుంది. 2020 జనవరి 1 నుంచి స్టార్ లేబుల్ ఏసీలకు 24 డిగ్రీలు డిఫాల్ట్‌గా వస్తోంది. ఆ అంకె దగ్గరే ఉంచితే కాయిల్‌కూ, కరెంటు బిల్లుకూ మేలు.

ఇప్పుడు 24లో, ఫ్యాన్ పూర్తి వేగంతో రెండు మూడు గంటలు నడపండి. మంచు పడలేదంటే రూపాయి ఖర్చు లేకుండా బయటపడ్డట్టే. మళ్లీ పడితే ఎక్కడ పడిందో గమనించండి. గాలి బలహీనంగా వస్తూ కాయిల్ అంతటా పరుచుకుంటే అనుమానం బ్లోయర్ మీద, కాయిల్‌లో ఇరుక్కున్న మురికి మీద. అది సర్వీసింగ్‌తో పోయేదే. గాలి బాగానే వస్తున్నా చల్లదనం లేక, కాయిల్‌లో ఒక మూల మాత్రమే మంచు కట్టి, బయటి యూనిట్ దగ్గర సన్న గొట్టం తెల్లబడితే లీకు ఉండొచ్చు. ఈ రెండూ కాకపోతే సెన్సర్ చూడాలి. ఫోన్‌లో ఫొటో తీసి మెకానిక్‌కు చూపించండి.

లీకని తేలితే ఆ పని మీరు ముట్టుకోవద్దు. ఇప్పుడొచ్చే ఏసీల్లో చాలావాటిలో ఉండే ఆర్-32కూ, కొన్నిటిలో ఉండే ఆర్-290కూ మంటంటుకునే గుణం ఉంది. అయితే దగ్గరుండి చూడండి. ముందు నైట్రోజన్ పట్టించి, నురగ రాసి లీకు కనుక్కోవాలి. దాన్ని సరిచేశాక వాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలి, తేమ లాగేయాలి. ఆ తర్వాతే గ్యాస్, అదీ కాటా మీద తూచి. ఎన్ని గ్రాములు, ఏ గ్యాస్ అన్నది బయటి యూనిట్ మీది ప్లేటుపై రాసి ఉంటుంది. బిల్లులోనూ అదే రాయించుకోండి. ఇవేమీ లేకుండా పది నిమిషాల్లో సిలిండర్ తగిలించి 'అయిపోయింది సార్' అంటే, పైఅంతస్తు ఆంటీగారి కథే మళ్లీ మొదలవుతుంది.

విశాఖలాంటి చోట్ల, సముద్రానికి దగ్గరున్న ఇళ్లలో ఉప్పుగాలికి కాయిలే తినేసి పలుచోట్ల కారుతుంటుంది. అతుకులు వేయించేముందు వారంటీ కార్డు తీసి చూడండి. గడువు దాటిన పాత ఏసీ అయితే కొత్త కాయిల్ ధరా, కొత్త ఏసీ ధరా రెండూ కనుక్కున్నాకే సరేననండి.