రేడియోకి బ్రేకులతో పనేమిటి?

పిల్లలూ! మీ ఇంటికి ఎవరో వచ్చి అరుగు మీద కూర్చున్నారనుకోండి. మంచినీళ్ళిస్తారు, కబుర్లు చెబుతారు. అంతేగాని ఇనప్పెట్టె తాళం చేతికివ్వరు కదా! కార్లు తయారుచేసేవాళ్ళు ఈ చిన్న జాగ్రత్త మరిచిపోతే ఏమవుతుందో చూడండి.

ఈనాటి కార్లలో పాటలు వినిపించడానికి, దారి చూపడానికి ఒక తెర ఉంటుంది. దాని వెనక ఉన్నది కంప్యూటరే. ఇంజనుకు, బ్రేకులకు కూడా చిన్న చిన్న కంప్యూటర్లుంటాయి. ఇవి ‘క్యాన్’ అనే ఉమ్మడి తీగల మీద మాట్లాడుకుంటాయి. 1986లో బాష్ కంపెనీ ప్రపంచానికి పరిచయం చేసిన పద్ధతి ఇది. సందేశం నిజంగా ఎవరు పంపారో సరిచూసే ఏర్పాటు అందులో పెట్టలేదు.

2015లో అమెరికాలో ఛార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు పరిశోధకులు జీప్ చెరోకీ కారును పరీక్షించారు. దాని తెర సెల్‌ఫోను నెట్‌వర్కుకు కలిసి ఉండేది. ఆ దారిన వెళితే ఒక తలుపు సంకేతపదం అడగకుండానే తెరుచుకుంది. లోపలికి వెళ్ళినవారికి ఏకంగా యజమాని అధికారాలే దక్కాయి! తెరకూ క్యాన్ తీగలకూ మధ్య ఇంకో చిప్ ఉంది. దానికి వినే హక్కే తప్ప మాట్లాడే హక్కు లేదు. పరిశోధకులు దాని ప్రోగ్రామును మార్చి రాశారు. “ఈ కొత్త ప్రోగ్రాము ఎవరిది?” అని ఆ చిప్ అడగలేదు. దానికీ మాటలొచ్చాయి. ఇంకేముంది! రహదారి మీద గంటకు సుమారు 110 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారుకు, ఇంట్లో కూర్చునే ఇంజను శక్తి అందకుండా చేశారు. నడుపుతున్న విలేకరి ఎంత తొక్కినా కారు వేగం అందుకోలేదు. తర్వాత కంపెనీ 14 లక్షల వాహనాలను సరిచేస్తామని ప్రకటించింది.

ఇలాంటి లోపాలను బయటపెట్టడం తప్పని మీరనవచ్చు. నేనలా అనుకోను. జనం తిరిగే రహదారిని ప్రయోగశాల చేయడం తప్పే. కాని ఆ ఇద్దరూ నెలల ముందే కంపెనీకి సంగతి చెప్పారు. జ్వరం ఉందని చూపించిన థర్మామీటరును విరగ్గొడతామా?

అసలు తప్పు ఎక్కడుంది? పాటలు పాడే యంత్రం నుంచి బ్రేకుల దాకా దారి ఉంచడంలో ఉంది. ఎవరికెంత పని ఉంటే అంతే అధికారం ఇవ్వాలి. అధికారం అడిగినవాడెవడో ప్రతిసారీ సరిచూడాలి. తాళం ఒకటి విరిగినా రెండోది నిలబడాలి.

మీలో రేపటి ఇంజనీర్లున్నారు. మీరు ఏ యంత్రం తయారుచేసినా, “దీనికి ఇంత అధికారం ఎందుకు?” అని ముందుగా అడగండి. ఆ ఒక్క ప్రశ్న ఎన్నో ప్రాణాలు కాపాడుతుంది.