హైడ్రోజన్ కారు సిద్ధం.. బంకు ఎక్కడ?

న్యూఢిల్లీ: కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి నితిన్ గడ్కరీ 2022 మార్చి 30న హైడ్రోజన్‌తో నడిచే కారులో పార్లమెంటుకు వచ్చారు. అంతకు రెండు వారాల ముందే టయోటా కిర్లోస్కర్ మోటార్, అంతర్జాతీయ ఆటోమోటివ్ టెక్నాలజీ కేంద్రం (ఐక్యాట్) కలిసి చేపట్టిన ప్రయోగాత్మక ప్రాజెక్టును ఆయన ప్రారంభించారు. భారత రహదారులపై, ఇక్కడి వాతావరణంలో టయోటా మిరాయ్ ఎలా నడుస్తుందో పరిశీలించడం దాని ఉద్దేశం. అయితే షోరూముకు వెళ్లి హైడ్రోజన్ కారు కొనుక్కుని, మర్నాటి నుంచి ఆఫీసుకు నడుపుకొనే పరిస్థితి దేశంలో ఇంకా రాలేదు. ఈ వెనుకబాటుకు కారణం కారులో ఉందా, ఇంధనాన్ని అందించాల్సిన వ్యవస్థలో ఉందా అన్నది పరిశీలించదగిన విషయం.

కారు వరకు చూస్తే..

మిరాయ్ నిజానికి విద్యుత్ కారే. దాని చక్రాలను తిప్పేది మోటారు. ఆ మోటారుకు కావలసిన కరెంటును పెద్ద బ్యాటరీకి బదులు ఫ్యూయల్ సెల్ ఎప్పటికప్పుడు తయారు చేస్తుంది. ట్యాంకులోని హైడ్రోజన్, బయటి గాలిలోని ఆక్సిజన్ కలిసినప్పుడు విద్యుత్తు పుడుతుంది, నీరు మిగులుతుంది. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని పట్టి ఉంచేందుకు ఒక చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది. అందువల్ల నగర ట్రాఫిక్‌లో ఆగుతూ సాగే ప్రయాణం ఈ కారుకు పెద్ద ఇబ్బంది కాదు.

2020 డిసెంబరులో జపాన్‌లో విడుదలైన రెండో తరం మిరాయ్‌లో మూడు ట్యాంకులున్నాయి. వాటిలో 5.6 కిలోల హైడ్రోజన్ పడుతుంది. దానితో సుమారు 650 కిలోమీటర్లు వెళ్లవచ్చని అధికారిక పరీక్షలు చెబుతున్నాయి. ట్యాంకులు నింపడానికి ఐదు నిమిషాలు చాలు. ఛార్జింగ్ కోసం గంటల తరబడి ఎదురుచూడనక్కర్లేదు. కారులో శబ్దం లేదు, పొగ లేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. కారు పొడవు దాదాపు ఐదు మీటర్లు ఉన్నా, ట్యాంకులకే చాలా చోటు పోవడంతో డిక్కీ చిన్నదైంది. ఫ్యూయల్ సెల్‌లో ప్లాటినం ఉత్ప్రేరకంగా పనిచేస్తుంది. గాలిలోని గంధక సమ్మేళనాలు దానిని దెబ్బతీస్తాయి. లోపలికి పీల్చే గాలిని కారు ముందుగా వడకట్టుకుంటుంది కాబట్టి దుమ్ము, కాలుష్యం ఎక్కువగా ఉండే మన నగరాల్లో ఆ వడపోత ఎంతకాలం సమర్థంగా పనిచేస్తుందన్నది కీలకం. అయినా ఇవి ఇంజినీర్లు పరిష్కరించగలిగే సమస్యలే. అసలు చిక్కు కారు బయట ఉంది.

బంకు దగ్గరే అసలు పరీక్ష

మన ఆటోలు, కార్లు వాడే సీఎన్‌జీని సిలిండర్లలో సుమారు 200 బార్ల పీడనం వద్ద నింపుతారు. మిరాయ్ ట్యాంకుల్లో హైడ్రోజన్ 700 బార్ల పీడనం వద్ద ఉంటుంది. ఇంత పీడనంతో వేగంగా నింపితే ట్యాంకు వేడెక్కుతుంది కాబట్టి వాయువును ముందుగా మైనస్ 40 డిగ్రీల వరకు చల్లబరుస్తారు. అంటే ప్రతి బంకులోనూ భారీ కంప్రెసర్, శీతలీకరణ యంత్రం, నిల్వ సిలిండర్లు ఉండాలి. వాహనాలు వరుసగా వస్తే బంకులోని పీడనం మళ్లీ పుంజుకునే వరకు వెనుకనున్నవారు ఆగాల్సి ఉంటుంది. ఐదు నిమిషాల లెక్క మొదటి కారుకు సరిపోయినా, నాలుగో కారుకు సరిపోకపోవచ్చు.

దేశంలో పెట్రోలు బంకులు 90 వేలకు పైగా ఉన్నాయి. ఒకటి మూతపడితే మరోదానికి వెళ్లవచ్చు. హైడ్రోజన్ బంకులు వేళ్ల మీద లెక్కించదగినన్నే. వాటిలో ఒక్కటి పనిచేయకపోయినా 650 కిలోమీటర్ల సామర్థ్యానికి అర్థం ఉండదు.

కాలిఫోర్నియా అనుభవం

ఈ సమస్యను ముందుగా చవిచూసినవారు అమెరికాలోని కాలిఫోర్నియా వాసులు. ప్రభుత్వ ప్రోత్సాహకాలతో అక్కడ వేల సంఖ్యలో హైడ్రోజన్ కార్లు రోడ్డెక్కాయి. కొన్నవారికి 15 వేల డాలర్ల విలువైన ఇంధన కార్డును కూడా తయారీ సంస్థ ఇచ్చింది. 2019 జూన్‌లో శాంటాక్లారాలోని ఒక హైడ్రోజన్ కేంద్రంలో పేలుడు జరగడంతో శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లో సరఫరా చాలాకాలం దెబ్బతింది. అదే నెలలో నార్వేలోని ఒక బంకులో సంభవించిన పేలుడుకు బోల్టుల బిగింపులో జరిగిన పొరపాటే మూలమని తేలింది. అక్కడ కార్ల అమ్మకాలను కొంతకాలం ఆపాల్సి వచ్చింది. రెండుచోట్లా ప్రమాదం జరిగింది ఇంధన కేంద్రంలోనే గాని కారులో కాదు. నష్టపోయినవారిలో మాత్రం కారు యజమానులూ ఉన్నారు.

తర్వాత ధర పెరిగింది. కాలిఫోర్నియాలోని పలు బంకుల్లో కిలో హైడ్రోజన్ 36 డాలర్లకు చేరింది. ఆ లెక్కన ట్యాంకులు నింపడానికి 200 డాలర్లు కావాలి. 2024 ఫిబ్రవరిలో షెల్ సంస్థ ఆ రాష్ట్రంలో కార్ల కోసం నడిపిన హైడ్రోజన్ బంకులను శాశ్వతంగా మూసివేస్తున్నట్టు ప్రకటించింది. కారు బాగానే ఉన్నా ఇంధనం దొరక్క, దొరికినా భరించలేక కొందరు యజమానులు కోర్టును ఆశ్రయించారు.

కరెంటు లెక్క

హైడ్రోజన్ కారు ఎంత స్వచ్ఛమైనదో దాని ఇంధనం ఎలా తయారైందన్న దానిపై ఆధారపడి ఉంటుంది. మన దేశంలో ప్రస్తుతం తయారవుతున్న హైడ్రోజన్‌లో అధికభాగం సహజవాయువు నుంచి వస్తోంది. ఆ పద్ధతిలో ఒక కిలో హైడ్రోజన్‌కు సుమారు 9 నుంచి 10 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. కారు వెనుక నీరే కారినా, పొగ మరోచోట వచ్చినట్టే.

సౌర, పవన విద్యుత్తుతో నీటిని విడగొట్టి తయారు చేసే హరిత హైడ్రోజన్‌కు ఈ దోషం లేదు. అయితే కిలోకు 50 నుంచి 55 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. ఆ లెక్కన మిరాయ్ ట్యాంకులు నిండేందుకు సుమారు 300 యూనిట్లు కావాలి. వాయువును కుదించడానికి, చల్లబరచడానికి అయ్యేది అదనం. వంద కిలోమీటర్లకు 18 యూనిట్లు వాడే బ్యాటరీ కారు అదే 650 కిలోమీటర్లు వెళ్లడానికి సుమారు 117 యూనిట్లు చాలు. యూనిట్ 8 రూపాయలనుకుంటే బ్యాటరీ కారుకు కిలోమీటరుకు రూపాయిన్నర లోపే అవుతుంది. హైడ్రోజన్ కారుకు ఒక్క కరెంటు ఖర్చే సుమారు 3 రూపాయల 70 పైసలు. ప్లాంటు, రవాణా, బంకు ఖర్చులు ఇంకా కలపాలి. ఎలక్ట్రోలైజర్ల ధర తగ్గినా, ఈ రెండున్నర రెట్ల తేడా పూర్తిగా పోదు. శక్తిని ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చిన ప్రతిసారీ కొంత నష్టపోక తప్పదు.

ప్రభుత్వం దేన్ని ఎంచుకుంది?

కేంద్ర మంత్రివర్గం 2023 జనవరి 4న రూ.19,744 కోట్లతో జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉత్పత్తి సామర్థ్యం దాని లక్ష్యం. మిషన్‌లో భాగంగా 2025 మార్చిలో రవాణా రంగానికి మంజూరైన ఐదు ప్రయోగాత్మక ప్రాజెక్టుల్లో 37 వాహనాలు, 9 ఇంధన కేంద్రాలు, 10 మార్గాలు ఉన్నాయి. సుమారు రూ.208 కోట్ల సాయం ప్రకటించారు. ఆ 37 వాహనాలూ బస్సులు, ట్రక్కులే. సొంత కారు ఒక్కటీ లేదు. పది మార్గాల్లో జాతీయ రహదారి-16పై విశాఖపట్నం–బయ్యవరం మార్గం ఒకటి.

ఈ ఎంపిక సహేతుకంగానే కనిపిస్తుంది. నిర్ణీత మార్గంలో తిరిగే బస్సు సాయంత్రానికి డిపోకు చేరుతుంది. ఒక్క బంకు ఉన్నా సరిపోతుంది. బరువైన ట్రక్కుకు భారీ బ్యాటరీ అమర్చితే ఆ మేరకు సరకు తగ్గుతుంది. అక్కడ హైడ్రోజన్‌కు మొగ్గు ఉంది. ఎరువులు, ఉక్కు, శుద్ధి కర్మాగారాల్లో అవసరం ఇంకా ఎక్కువ. 2025 జనవరిలో ప్రధాని నరేంద్ర మోదీ శంకుస్థాపన చేసిన అనకాపల్లి జిల్లా పూడిమడక హరిత హైడ్రోజన్ కేంద్రం రోజుకు 1,500 టన్నుల ఉత్పత్తిని లక్ష్యంగా పెట్టుకుంది. అది ప్రధానంగా ఎగుమతులను దృష్టిలో ఉంచుకున్నది. ప్లాంటు ఊరి పక్కన వచ్చినంత మాత్రాన ఊళ్లోని కారుకు ఇంధనం అందదు.

ఇంట్లో ఛార్జింగ్ సదుపాయం లేని అపార్టుమెంటు వాసులకు ఐదు నిమిషాల్లో నిండే కారు ఆకర్షణీయమేనని హైడ్రోజన్‌ను సమర్థించేవారి వాదన. అందులో నిజం లేకపోలేదు. అయితే ఆ కొరతకు అపార్టుమెంట్లలో ఛార్జింగ్ పాయింట్లు పెంచడం, కొత్తగా 700 బార్ల బంకుల వ్యవస్థను నిర్మించడం కంటే తేలిక, చౌక.

హైడ్రోజన్ కారు మన రోడ్లకు పనికిరాదని ఈ లెక్కలు చెప్పడం లేదు. కొనుగోలుదారు మాత్రం మైలేజీ కంటే ముందు మూడు ప్రశ్నలకు జవాబు రాబట్టాలి: ఇంటికి దగ్గరలో కనీసం రెండు బంకులు ఉన్నాయా? వచ్చే ఐదేళ్లకు ఇంధనం ధరకు హామీ ఎవరిస్తున్నారు? ఆ హైడ్రోజన్ దేనితో తయారైంది? వీటికి స్పష్టమైన సమాధానం దొరికే వరకు హైడ్రోజన్‌ను బస్సు డిపోలు, కర్మాగారాల్లో వాడడమే ప్రజాధనానికి మేలు.