మధ్యాహ్న భోజన వ్యయం: ఆదా ఏది, కోత ఏది?

కర్నూలు, కడప: ప్రభుత్వ పాఠశాలల సహాయక సేవలలో ప్రతి పనిదినమూ ఖర్చయ్యే ప్రధాన పద్దు మధ్యాహ్న భోజనం. సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న జారీచేసిన ఉత్తర్వుల మేరకు రాష్ట్రంలో 2003 జనవరి నుంచి వండిన భోజనం అందజేయడం ప్రారంభమైంది. 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టిన ఈ పథకాన్ని 2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కళాశాలలకూ విస్తరించారు. పథకం పరిధి పెరిగిన కొద్దీ వ్యయ నియంత్రణ ప్రాధాన్యం సంతరించుకుంటున్నది.

అయితే, పొదుపు పేరిట విద్యార్థి పళ్లెంలో తగ్గించగలిగింది ఏమీ లేదు. కేంద్రం 2025 మే 1 నుంచి నిర్ణయించిన సామగ్రి వ్యయం ప్రాథమిక స్థాయిలో రోజుకు ఒక్కొక్కరికి రూ.6.78, ప్రాథమికోన్నత స్థాయిలో రూ.10.17. ఇందులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. ఈ లెక్కన 20 మంది పిల్లలున్న ప్రాథమిక పాఠశాలలో పప్పు, కూరగాయలు, నూనె, వంటచెరకు అన్నింటికీ కలిపి దక్కేది రోజుకు రూ.135.60 మాత్రమే. వంట కార్మికుల గౌరవ వేతనం 2019లో రూ.1,000 నుంచి రూ.3,000కు పెరిగింది. అందులోనూ కోతకు తావులేదు.

నిజమైన ఆదాకు అవకాశం నిల్వ, రవాణా, వృథాల వద్ద ఉన్నది. ప్రాథమిక విద్యార్థికి రోజుకు 100 గ్రాముల చొప్పున 20 మందికి 2 కిలోల బియ్యం చాలు. విప్పిన 50 కిలోల బస్తా 25 పనిదినాలు నిల్వ ఉండి పురుగు పట్టే ప్రమాదముంది. 25 కిలోల సంచి అయితే రెండు వారాల్లో పూర్తవుతుంది. 2025 జూన్ నుంచి పాఠశాలలకు, వసతి గృహాలకు సన్నబియ్యాన్ని 25 కిలోల సంచుల్లో సరఫరా చేయడంలోని ప్రయోజనం ఇదే. సన్నబియ్యం ధర ఎక్కువైనా, పిల్లలు పారవేయక తిన్న అన్నం వృథా కాదు.

కడప జిల్లా చింతకొమ్మదిన్నెలో 2025లో ఏర్పాటైన స్మార్ట్ కిచెన్ మరో మార్గం. ఒకేచోట వండి పలు పాఠశాలలకు పంపితే ఇంధనం, టోకు కొనుగోళ్లలో కలిసివస్తుంది. కాని దూరం పెరిగితే ఆ మిగులు వాహన ఖర్చులకే పోతుంది, అన్నం చల్లారిపోతుంది. కనుక ఒక్కో వంటశాల పరిధిని దూరాన్ని, సమయాన్ని బట్టి నిర్ణయించాలి.

కర్నూలు పశ్చిమ మండలాల పరిస్థితి భిన్నమైనది. కోసిగి, కౌతాళం, ఆదోని ప్రాంతాల నుంచి కుటుంబాలు పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు వలస వెళ్లే నెలల్లో హాజరు పడిపోతుంది, భోజన వ్యయమూ తగ్గుతుంది. లెక్కల్లో ఇది మిగులుగా కనిపించినా ఆదా కాదు. బడికి దూరమైన పిల్లల సంఖ్యకు అది గుర్తు. అటువంటి మిగులు కనిపించిన గ్రామాలలోనే సీజనల్ హాస్టళ్ల అవసరం ఎక్కువ. కరవు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో ఆదేశించడం వెనుక ఉద్దేశం కూడా ఆకలికి సెలవులు ఉండవనే.

అందువల్ల తగ్గిన వ్యయాన్ని నివేదించేటప్పుడు దాని సరసనే హాజరు శాతాన్ని చూపడం అవసరం. హాజరు నిలకడగా ఉండి ఖర్చు తగ్గితే అది ఆదా. హాజరుతో పాటు ఖర్చు తగ్గితే అది అధికార యంత్రాంగం వెంటనే దృష్టి సారించవలసిన హెచ్చరిక.