మెడ మీద స్కాన్, వాడలో బీపీ మాత్ర

మెదడుకు రక్తం మోసే మెడ ధమనుల ఇరుకును డాప్లర్ అల్ట్రాసౌండ్‌లో రక్తం వేగాన్ని బట్టి అంచనా వేస్తారు. ఇరుకు 50 శాతం లోపుంటే వేగం పెద్దగా పెరగదు. గోడకు పట్టిన కొవ్వు పూడికను బొమ్మలోనే చూడాలి. అది కనిపించినా మామూలుగా ఆపరేషన్ చెయ్యరు. బీపీ, షుగర్ అదుపు, స్టాటిన్ మాత్ర, బీడీ మానడం, ఇదే వైద్యం.

మరి ఏ లక్షణమూ లేనివాళ్లకు హెల్త్ ప్యాకేజీల్లో ఈ స్కాన్ ఎందుకు అమ్ముతున్నారు? మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయి, నిమిషాల్లో సర్దుకున్న కూలితల్లికి కదా ఇది వెంటనే కావాల్సింది! ఆమెను నీరసమని ఇంటికి పంపితే రేపు పక్షవాతమే.

వాడవాడనా బీపీ చూడాలి. మాత్రలు ఆగకూడదు. అనుమానమొస్తే ప్రభుత్వాసుపత్రిలో ఆరోజే ఉచితంగా స్కాన్ తియ్యాలి. ఇది దయ కాదు, హక్కు. అడుగుదాం. జై భీమ్.