నెత్తురు తప్పించిన లెక్క
వైద్యసాక్ష్యం కూడా దర్యాప్తును పక్కదారి పట్టించగలదని డోరతీ ఎల్. సేయర్స్ 1932 నాటి 'హ్యావ్ హిజ్ కార్కస్'లో చూపినంత నిక్కచ్చిగా చూపిన నవలలు అరుదు. ఇంగ్లండ్ సముద్రతీరంలో, బండ మీద గొంతు తెగిన యువకుడు కథానాయిక హ్యారియట్ వేన్‌కు కనిపిస్తాడు, నెత్తురింకా గడ్డకట్టలేదు. పోటు శవాన్ని లాక్కుపోయేలోపే ఆమె ఫొటోలు తీస్తుంది. అప్పుడే చనిపోయాడని అందరూ లెక్క కడతారు. ఆ లెక్కే హంతకులకు రక్ష. సంకేతలిపి విప్పే అధ్యాయం విసిగిస్తుంది, ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ లెక్కను తప్పించిన హతుడి హీమోఫీలియాను, అంటే నెత్తురు గడ్డకట్టని జబ్బును, చివర్లో తెచ్చి అతికించారన్న విమర్శ మాత్రం అన్యాయం. గడ్డం పెంచుకున్నవాడి దగ్గర మంగలికత్తి ఎందుకన్న ప్రశ్న మొదట్నుంచీ పాఠకుడి కళ్లెదుటే ఉంది. అసలు ఆ గడ్డం ఎందుకు పెంచాడో ఆలోచిస్తే, చర్మం తెగితే నెత్తురాగదన్న భయం దాకా ఎవరైనా చేరుకోవచ్చు.